టపా మళ్ళీ ఉత్తరమైన లెక్క

తెలుగులో బ్లాగులు వికసిస్తున్న రోజుల్లో ‘పోస్టు’ అనే మాటకు మనవాళ్ళు ఒక పాత మాటను వెతికి పట్టుకున్నారు. అదే టపా. తాతల నాటి వాడుకలో టపా అంటే తపాలా. గుర్రబ్బండి మీదో మనిషి భుజం మీదో ఊరికి చేరే ఉత్తరాల సంచి. గడప దాకా నడిచివచ్చే వస్తువు పేరు, ఉన్నచోటే ఉండి పాఠకుడి కోసం ఎదురుచూసే పేజీకి వచ్చింది. ఇప్పుడు బ్లాగరులు చాలామంది తమ టపాలను ఈమెయిల్ న్యూస్‌లెటర్‌గా పంపుతున్నారు. ఆ మాట తన పాత అర్థానికి తిరిగి చేరుకుంటోంది.

పదేళ్ళో పదిహేనేళ్ళో బ్లాగు రాసి, ఇక ఉత్తరంగా మారుద్దామా అని ఆలోచిస్తున్న వారికోసం ఈ లెక్కలు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మారండి, కానీ బ్లాగును మూయకండి. మారే ముందు ఒక తెలుగు అక్షరం ఈమెయిల్‌లో ఎంత చోటు తీసుకుంటుందో తెలుసుకోండి. ఇంగ్లిషు రచయితలకోసం రాసిన సలహాలలో ఆ సంగతి ఉండదు, మనకు అవసరమైనది ముఖ్యంగా అదే.

పాఠకులు ఎక్కడ జారిపోయారు

బ్లాగర్ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. అదే సంవత్సరం మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి విడుదల వచ్చింది, డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టింది. తర్వాతి నాలుగైదేళ్ళలో లేఖినిలో టైపు చేసి, కూడలిలో కనిపించడం తెలుగు బ్లాగరుకు నిత్యకృత్యమైంది. కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినులు ఎక్కడెక్కడి టపాలనూ ఒక పేజీలో పేర్చేవి. పొద్దున్నే ఆ పేజీ తెరిస్తే ఆ రోజు తెలుగులో ఎవరేం రాశారో తెలిసిపోయేది.

ఈ ఏర్పాటంతా ఆర్‌ఎస్‌ఎస్ అనే ఒక సన్నని తీగ మీద నడిచింది. బ్లాగు కొత్త టపా పెట్టగానే ఒక ఫైలులో ఆ సంగతి రాసిపెడుతుంది. చదివేవారి పరికరం అప్పుడప్పుడూ వచ్చి ఆ ఫైలును చూసి వెళుతుంది. ఇందులో రచయితకు ఎవరి పేరూ తెలియదు, ఎవరి చిరునామా చేతికి రాదు. 2005లో వచ్చిన గూగుల్ రీడర్‌ను చాలామంది ఈ చదువుకే వాడారు. 2013 మార్చిలో మూసివేత ప్రకటన వచ్చింది, జులై 1న అది ఆగిపోయింది. వ్యవధి మూడున్నర నెలలు. ఆ రోజు ఒక బ్లాగు ఎంతమంది పాఠకులను పోగొట్టుకుందో లెక్కకట్టడానికి బ్లాగరు దగ్గర ఏ పట్టికా లేదు. ఎవరు పోయారో తెలియకపోతే వెళ్ళి పిలుచుకురావడం కుదరదు.

ఈమెయిల్ దారి కూడా ఒకటి ఉండేది. ఫీడ్‌బర్నర్ 2004లో మొదలై 2007లో గూగుల్ చేతికి వచ్చింది. బ్లాగర్ పక్కపట్టీలో ‘ఈమెయిల్ ద్వారా అనుసరించండి’ అన్న పెట్టె వెనక పనిచేసింది అదే. 2021 జులైలో ఆ ఈమెయిల్ సేవ ఆగింది. అంతకుముందే ప్రకటన చదివి, చందాదారుల చిట్టాను సీఎస్‌వీ ఫైలుగా దింపుకున్నవారి దగ్గర ఇవాళ్టికీ ఆ చిరునామాలు ఉన్నాయి. దింపుకోనివారి దగ్గర లేవు. రెండు బ్లాగులూ ఒకే సేవను వాడాయి, ఒకేలా రాశాయి. తేడా ఒక్క ఫైలు.

బ్లాగుకూ ఉత్తరానికీ ఉన్న అసలు భేదం నాకు కనిపించేది ఇక్కడే. బ్లాగు లెక్కపెట్టేది రాకలను. పక్కపట్టీలో లక్ష అని చూపే అంకెలో ఒకే మనిషి వందసార్లు ఉండవచ్చు, శోధన యంత్రాల తిరుగుడూ ఉండవచ్చు. ఉత్తరం లెక్కపెట్టేది మనుషులను. 240 మంది చందాదారులంటే, మీ రాత ఇంటికి రావాలని తమ చిరునామా ఇచ్చిన 240 మంది. లక్ష రాకలు చూసి పొంగిపోయిన కంటికి 240 చిన్నగా కనబడుతుంది. ఒక హాలులో 240 మంది కూర్చుని మీరు చదువుతుంటే వింటున్నట్టు ఊహించుకోండి. తెలుగు కథల సభలకు అంతమంది వస్తే నిర్వాహకులు ఎంత సంతోషిస్తారో మనకు తెలుసు.

అలాగని ఉత్తరాల సేవలు శాశ్వతమని కాదు. రెవ్యూను ట్విటర్ 2021 జనవరిలో కొన్నది, 2023 జనవరి 18న మూసేసింది. టైనీలెటర్ 2024 ఫిబ్రవరి 29న ఆగింది. అంతకుముందు తరం తెలుగువాళ్ళకు ఈ నష్టం ఇంకా బాగా తెలుసు. 90లలో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకుంటూ సాహిత్యం మాట్లాడుకున్నారు. ఆ తర్వాత రచ్చబండ వంటి యాహూ గుంపుల్లో పద్యం మీదా కథ మీదా సాగిన చర్చలన్నీ ఈమెయిళ్ళే. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతబడింది. అయితే ఈమెయిల్‌కు ఒక గుణం ఉంది. సర్వరు పోయినా, అందుకున్నవారి పెట్టెలో ప్రతి మిగులుతుంది. పాత ఈమెయిల్ ఖాతాను కాపాడుకున్నవారి దగ్గర ఆ చర్చలు ఇంకా ఉండగలవు.

పేజీకి ఆ రక్షణ లేదు. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం 2023 నాటికి తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్కతేల్చింది. అది తెలుగు పేజీల లెక్క కాదు. కానీ పాత బ్లాగుల లంకెలు నొక్కి చూసినవారెవరికీ ఆ అంకె ఆశ్చర్యం కలిగించదు.

ఒక అక్షరం, మూడు బైట్లు

ఇప్పుడు తెలుగుకే ప్రత్యేకమైన లెక్కకు వద్దాం. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పులోనే 128 గళ్ళ చోటు దొరికింది. ప్రతి అచ్చుకూ, హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కో సంకేతం. వెబ్బూ ఈమెయిలూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగు సంకేతం ప్రతిదానికీ 3 బైట్లు పడతాయి.

‘అమ్మ’ అన్న మాటలో కంటికి కనిపించేవి రెండక్షరాలు. సంకేతాలు నాలుగు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. బైట్లు 12. ‘తెలుగు’లో ఆరు సంకేతాలు, 18 బైట్లు. ‘స్త్రీ’ కంటికి ఒకే అక్షరం, బడిలో మాస్టారు అడిగినా ఒకటే అంటాం. కంప్యూటరుకు అదీ ఆరు సంకేతాలే: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అవే 18 బైట్లు.

బ్లాగులో ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. పేజీ ఎంత పొడవున్నా బ్రౌజరు తెరిచేస్తుంది. ఈమెయిల్‌కు మాత్రం ఒక గీత ఉంది. ఉత్తరం హెచ్‌టీఎంఎల్ సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ దాన్ని అక్కడికి కత్తిరించి, పూర్తి ఉత్తరం చూడాలంటే ఇక్కడ నొక్కండని కింద ఒక లంకె పెడుతుంది. బొమ్మలు ఈ లెక్కలోకి రావు, అవి బయటినుంచి దిగుతాయి. అక్షరాలూ, వాటి చుట్టూ ఉండే అలంకారపు కోడూ వస్తాయి.

2,500 మాటల వ్యాసం అనుకుందాం. మాటకు సగటున 7 సంకేతాలు, ఒక ఖాళీ వేసుకుంటే మాటకు 22 బైట్లు. మొత్తం 55,000 బైట్లు. అదే విషయం ఇంగ్లిషులో చెప్పాలంటే మాటలు ఎక్కువ పడతాయి. 3,500 మాటలనీ, మాటకు ఖాళీతో కలిపి 6 అక్షరాలనీ అనుకున్నా 21,000 బైట్లే. అంటే మన ఉత్తరం అదే సంగతిని రెండున్నర రెట్లకు పైగా బరువుతో మోస్తోంది. 4,500 మాటల కథ పంపితే వట్టి అక్షరాలే 99,000 బైట్లు. దానికి పేరా పేరాకూ ఫాంటు, రంగు, అంచు చెప్పే కోడు కలిస్తే 102 గీత దాటిపోవడం ఖాయం. కథ ముగింపు పాఠకుడికి కనిపించదు. అంతకన్నా ముఖ్యం, అడుగున ఉండే ‘చందా వద్దు’ లంకె కూడా కనిపించదు. దాని పర్యవసానం కాసేపట్లో చూస్తారు.

ఈ గీత కింద ఉండడానికి మార్గాలు కష్టమైనవి కావు. 3,000 మాటలు దాటిన రచనను రెండు వారాలుగా పంచుకోవచ్చు. మన వారపత్రికలు దశాబ్దాలపాటు ‘సశేషం’ అని రాసి, పాఠకుడిని వచ్చే వారందాకా నిలబెట్టాయి. ఆ విద్య తెలుగు రచయితకు కొత్తగా నేర్పాల్సినది కాదు. లేదా మొదటి 1,200 మాటలు ఉత్తరంలో పెట్టి, మిగతాది బ్లాగులో చదవమని లంకె ఇవ్వొచ్చు. నాకు మొదటిదే ఇష్టం, లంకె నొక్కే చేతులు తక్కువ. అలంకారం తగ్గించడం మూడో మార్గం. నల్లటి అక్షరం, తెల్లటి నేపథ్యం, ఒక్క ఫాంటు. ఉత్తరానికి అంతకుమించి ఏం కావాలి? ఒక మార్గం మాత్రం వద్దు. తెలుగు సరిగా కనిపించదన్న భయంతో రచనను బొమ్మగా మార్చి పంపడం. ఆ భయానికి ఈ రోజుల్లో కారణం లేదు. బొమ్మలోని మాట వెతికితే దొరకదు, చూపు తక్కువైనవారికి ఫోను చదివి వినిపించలేదు, అక్షరం పెద్దది చేసుకోవడం కుదరదు.

శీర్షికదీ వేరే లెక్క. ఈమెయిల్ పంపే పద్ధతికి పునాది 1982 నాటి ప్రమాణం, అది ఇంగ్లిషు అక్షరాలనే ఎరుగును. మిగతా లిపులకు 1992లో మైమ్ అనే మరో ప్రమాణం దారి తెరిచింది. శీర్షికలోని తెలుగును ఇంగ్లిషు అక్షరాల మూటలుగా కట్టి పంపుతారు. ఒక్కో మూట 75 అక్షరాలు దాటకూడదు. బేస్64 పద్ధతిలో కడితే, మూట కట్టే తాడుకే 12 పోగా, లోపల పట్టేవి 45 బైట్లు, అంటే 15 తెలుగు సంకేతాలు. ‘మా ఊరి చెరువు గట్టు మీద విన్న కథ’ అన్న శీర్షికలో 26 సంకేతాలు, 6 ఖాళీలు, మొత్తం 84 బైట్లు. రెండు మూటలు. అందుకున్న యంత్రం వాటిని విప్పి అతికిస్తుంది. అది పాఠకుడికి తెలియదు, తెలియనవసరం లేదు. రచయితకు తెలియాల్సింది ఏమిటంటే ఫోను తెరమీద శీర్షికలో మొదటి నాలుగైదు మాటలకు మించి కనపడవు. ‘సంచిక 14’ అని మొదలుపెడితే ఆ విలువైన చోటు వృథా. చెరువు ముందు రావాలి, సంచిక సంఖ్య చివరికి పోవాలి.

ఇదే శీర్షిక వర్డ్‌ప్రెస్ బ్లాగులో లంకెగా మారితే ఏమవుతుందో కూడా చూడండి. ప్రతి తెలుగు సంకేతం అక్కడ శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ ఆ పేరుకు ఇచ్చే చోటు 200. 26 సంకేతాలకు 234, మధ్య గీతలు 6 కలిపి 240 కావాలి. కాబట్టి పేరు ‘మా-ఊరి-చెరువు-గట్టు-మీద-వి’ దగ్గర తెగిపోతుంది. తెలుగు బ్లాగు లంకెను వాట్సాప్‌లో పంపినప్పుడు బారెడు పొడవున అంకెలూ గుర్తులూ పరుచుకోవడం అందరం చూశాం, కారణం ఇదే. లంకెకు పొట్టి ఇంగ్లిషు పేరు పెట్టుకోవడం మంచిది. ఉత్తరంలో ఇలాంటి లంకెలు పది పెడితే అవే రెండు కిలోబైట్లు మింగుతాయి.

ఒక్క మనిషి నొక్కితే

ఉత్తరం పంపడానికి అనుమతి కావాలి, చందాదారు నుంచే కాదు, జీమెయిల్ వంటి పెద్ద పెట్టెల కాపలాదారుల నుంచి కూడా. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఒకే రకం నిబంధనలు అమలుచేస్తున్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 ఉత్తరాలు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడూ తప్పనిసరి. ఈ ఉత్తరం నిజంగా ఈ చిరునామావారే పంపారని రుజువు చేసే ముద్రలనుకోండి. ఒక్క నొక్కుతో చందా ఆపుకునే వీలూ ఉండాలి, కోరిన రెండు రోజుల్లో పేరు తీసేయాలి. చిన్నవారికి ఇంత కట్టుదిట్టం లేదు, కానీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాల్సిందే.

చిన్నా పెద్దా అందరికీ వర్తించే అంకె ఒకటుంది. ‘ఇది స్పామ్’ అని నొక్కేవారి నిష్పత్తి 0.3 శాతానికి చేరకూడదు. 0.1 శాతం లోపు ఉంటే మేలు. పెద్ద సంస్థకు ఇవి ఏదో దశాంశాలు. మనకు? 1,000 మంది చందాదారులుంటే 0.1 శాతం అంటే ఒక్కరు. 300 మంది ఉన్న ఉత్తరంలో ఒక్కరు నొక్కితే 0.33 శాతం, గీత దాటినట్టే. ఆ ఒక్కరికీ మీమీద కోపం ఉండనక్కర్లేదు. ఆపుకునే లంకె కోసం కిందిదాకా వెళ్ళి, ఉత్తరం 102 దగ్గర తెగి ఉండటంతో అది దొరక్క, కనిపించిన మీట నొక్కి ఉంటారు. అందుకే తెలుగు న్యూస్‌లెటర్‌లో చందా ఆపుకునే లంకెను పైన పెట్టాలి, శీర్షిక కిందనే. వెళ్ళాలనుకునేవారికి తలుపు దగ్గరుంచడం మర్యాద కూడా.

పాత చిట్టా ఉన్నవారికి ఒక హెచ్చరిక. 2021లో దింపుకున్న ఫీడ్‌బర్నర్ చిరునామాలకు ఇవాళ నేరుగా ఉత్తరం పంపకండి. ఉద్యోగం మారినవారి ఆఫీసు చిరునామాలు చచ్చిపోయి ఉంటాయి. అమెజాన్ పంపిణీ సేవ ఎస్‌ఈఎస్ లెక్కలో, వెనక్కి తిరిగొచ్చే ఉత్తరాలు 5 శాతానికి చేరితే ఖాతా పరిశీలనలోకి వెళుతుంది, 10 శాతం దగ్గర పంపడం ఆపేయవచ్చు. వంద చిరునామాల్లో పది చాలు. 25, 30 మందికి చొప్పున, మీ పేరుతో, నాలుగు వాక్యాలతో రాయండి: ఫలానా బ్లాగు నాది, మీరు అప్పట్లో చేరారు, ఇకపై ఇలా పంపాలనుకుంటున్నాను, కావాలంటే ఇక్కడ నొక్కి చేరండి. జవాబు రానివారిని వదిలేయండి. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో ఈమెయిల్ చిరునామా వ్యక్తిగత సమాచారమే. చట్టం లేకపోయినా, అడగకుండా ఇంట్లోకి రావడం మన పద్ధతి కాదు. అమెరికా పాఠకులకు డబ్బు చందాల ప్రచారం పంపేవారు అక్కడి 2003 నాటి కాన్-స్పామ్ చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. ఉత్తరంలో నిజమైన తపాలా చిరునామా ఉండాలి, వద్దన్నవారిని 10 పనిదినాల్లో తొలగించాలి.

ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్ముకోవద్దు. కంటికి కనిపించనంత చిన్న బొమ్మ ఒకటి ఉత్తరంలో పెట్టి, అది దిగితే తెరిచినట్టు లెక్కవేస్తారు. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా రక్షణ, పాఠకుడు తెరవకముందే ఆ బొమ్మలను దింపేస్తుంది. ఐఫోన్ చందాదారులు ఎక్కువున్న ఉత్తరానికి తెరిచిన శాతం ఘనంగా కనిపిస్తుంది, అందులో ఎంత నిజమో తెలియదు. జవాబులను లెక్కపెట్టుకోండి. బ్లాగు కింద నలుగురి ముందు వ్యాఖ్య రాయడానికి జంకేవారు ఉత్తరానికి జవాబు రాస్తారు, అమ్మమ్మ ఊరి సంగతులతో సహా.

ఖర్చు, రాబడి

పంపడానికి అయ్యే ఖర్చు చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. ఎస్‌ఈఎస్‌లో 1,000 ఉత్తరాలకు 10 సెంట్లు. 1,000 మందికి ఏడాదిపాటు వారంవారం రాస్తే 52,000 ఉత్తరాలు, 5 డాలర్ల 20 సెంట్లు. రోజుకు ఒక టీ తాగేవారు నెలలో పెట్టే ఖర్చు అది. దానిమీద నడిచే లిస్ట్‌మాంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును బెంగళూరులోని జెరోధాలో సాంకేతిక విభాగాన్ని నడిపే కైలాష్ నాధ్ రాశారు. సర్వరు నడపడం తెలిసినవారికి అది మంచి దారి. తెలియనివారికి సబ్‌స్టాక్ ఉంది. 2017లో మొదలైన ఆ సేవ ఉచిత ఉత్తరాలకు ఏమీ అడగదు, డబ్బు చందాలలో 10 శాతం తీసుకుంటుంది. 2025 మార్చి నాటికి అక్కడ డబ్బు చందాలు 50 లక్షలయ్యాయి. 2013లో పుట్టిన ఘోస్ట్ వాటా అడగదు, నెల అద్దె అడుగుతుంది.

నెలకు 5 డాలర్ల చందాలో సబ్‌స్టాక్‌కు 50 సెంట్లు పోతాయి. డబ్బు వసూలు చేసే స్ట్రైప్‌కు 2.9 శాతం, దానిమీద 30 సెంట్లు, నెలనెలా వసూలుకు మరో 0.7 శాతం. మొత్తం 98 సెంట్లు. మిగిలేది 4 డాలర్ల 2 సెంట్లు, వందకు 80. అదే ఏడాదికి ఒకేసారి 50 డాలర్లు తీసుకుంటే కోత 7 డాలర్ల 10 సెంట్లు, వందకు 86 దాకా మిగులుతాయి. ఆ 30 సెంట్లు పన్నెండుసార్లు పోకుండా ఒక్కసారే పోవడమే తేడా.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి రాసేవారికి ఈ దారి ఇప్పుడు దాదాపు మూసి ఉంది. సబ్‌స్టాక్ వసూళ్ళన్నీ స్ట్రైప్ మీదుగానే, స్ట్రైప్ భారతదేశంలో కొత్త ఖాతాలను 2024 నుంచి ఆహ్వానం ఉన్నవారికే ఇస్తోంది. పైగా 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుంచి నెలనెలా డబ్బు తీయాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి, మొదటిసారి అదనపు ధ్రువీకరణ కావాలి. పాఠకుడి రక్షణకు అది మంచి నిబంధన. చిన్న రచయితకు మాత్రం చాలా చిక్కు.

కానీ మనకో మంచి సంగతి ఉంది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి రుసుము సున్నా. ఏడాది చందా 600 రూపాయలు క్యూఆర్ కోడు ద్వారా తీసుకుంటే 600 రూపాయలూ చేతికొస్తాయి. ఎవరు కట్టారో మనమే చూసి చిట్టాలో గుర్తు పెట్టుకోవాలి. 100 మంది దాకా అది ఒక సాయంత్రం పని. చిన్న పత్రికల సంపాదకులు మనీయార్డరు కూపన్లు చూసి రిజిస్టరులో రాసుకున్న పనే ఇది. ఉచిత చందాదారుల్లో 5 నుంచి 10 శాతం డబ్బు కడతారని సబ్‌స్టాక్ చెబుతుంది. నేనైతే 2 శాతమే వేసుకోమంటాను. 1,000 మందిలో 20 మంది, 12,000 రూపాయలు. జీవనోపాధి కాదు. అయినా గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగును 2018 దాకా ఆదరించలేదన్నది గుర్తుంటే, తెలుగు బ్లాగరుకు ఒక పాఠకుడు తన ఇష్టంతో 600 ఇవ్వడం ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది.

ఈమెయిల్ ఎవరు చూస్తారండీ, వాట్సాప్‌లో పంపితే పోలా అని అడిగేవారున్నారు. అది సబబైన ప్రశ్న. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఈమెయిల్ అంటే బ్యాంకు వాళ్ళ కబుర్లు వచ్చిపడే చోటు. వాట్సాప్ ప్రసార జాబితాలో 256 మందికే పంపగలం, అదీ మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. గుంపులో 1,024 మంది పడతారు, కానీ అక్కడ 2,500 మాటల వ్యాసం సాయంత్రానికి శుభోదయం బొమ్మల కింద కూరుకుపోతుంది. ఉత్తరం వచ్చిందన్న కబురుకు వాట్సాప్ వాడండి. ఉత్తరాన్ని ఉత్తరంగానే పంపండి.

బ్లాగును ఏం చేయాలి? బ్లాగర్‌లో ఉన్న టపాలన్నిటినీ ఒకే ఫైలుగా దింపుకునే వీలుంది, వర్డ్‌ప్రెస్‌లోనూ ఉంది. ఈ వారమే దింపుకోండి. సొంత డొమైన్ లేకపోతే ఒకటి తీసుకుని బ్లాగుకు తగిలించండి. బ్లాగర్‌లో అలా చేస్తే పాత బ్లాగ్‌స్పాట్ లంకెలు వాటంతటవే కొత్త చిరునామాకు చేరతాయి, ఎవరో 2009లో ఇచ్చిన లంకె కూడా పనిచేస్తుంది. ఆ డొమైన్ చిరునామాతోనే ఉత్తరాలు పంపండి. రేపు సేవ మారినా పాఠకుడికి కనిపించే పేరు మారదు. పంపిన ప్రతి ఉత్తరాన్నీ మర్నాడు బ్లాగులో కూడా పెట్టండి, శోధించి వచ్చే కొత్త పాఠకుడికి దారి అదే. చందాదారుల చిట్టాను నెలకోసారి సీఎస్‌వీగా దింపి, ఇంట్లో ఒకచోట, బయట ఒకచోట దాచండి. వెయ్యి చిరునామాల ఫైలు ముప్పై, నలభై కిలోబైట్లు ఉంటుంది, ఒక తెలుగు కథకన్నా తక్కువ.

ఇక పంపే వేళ. తెలుగు ఉత్తరానికి పాఠకులు రెండు ఖండాల్లో ఉంటారు. ఆదివారం పొద్దున 6:30కి పంపితే హైదరాబాదులో కాఫీ వేళకు చేరుతుంది. వేసవిలో న్యూయార్కులో అది శనివారం రాత్రి 9, డాలస్‌లో 8, కాలిఫోర్నియాలో సాయంత్రం 6. పిల్లల పనులు అయ్యీ కాకుండా ఉన్న సమయం, చదువుకోవడానికి తీరిక చిక్కే సమయం. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, మనవి జరగవు. అప్పటినుంచి మార్చి రెండో ఆదివారం దాకా డాలస్ పాఠకుడికి అదే ఉత్తరం 7 గంటలకు, రాత్రి భోజనాల వేళ అందుతుంది. అక్కడివారు ఎక్కువమంది ఉంటే ఆ నాలుగు నెలలూ హైదరాబాదు వేళను 7:30కి జరపండి.